జింక వేటకు బక్ 119 కత్తి కొనాలా, వద్దా?

ఫ్రిస్కో_శీను:
అందరికీ నమస్తే. ఉండేది డాలస్ పక్కన. ఆఫీసులో ఒక పెద్దాయన నవంబర్‌లో జింకల వేటకు తన లీజుకు (వేట కోసం అద్దెకు తీసుకున్న భూమి) రమ్మన్నాడు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేశాను (టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న, లేదా ఆ తర్వాత పుట్టినవాళ్లకు అది తప్పనిసరి). తుపాకీ ఆయనే ఇస్తాడట, కత్తి మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలన్నాడు.

నా మనసు బక్ 119 స్పెషల్ మీద పడింది. ఆరంగుళాల బ్లేడు, నల్ల పిడి, తోలు ఒర. వంద డాలర్ల లోపే వస్తోంది. మా ఆవిడేమో "వంటింట్లో ఆరు కత్తులున్నాయి, ఏడోది దేనికి" అంటోంది. వాడినవాళ్లు చెప్పండి, కొనాలా వద్దా?

సానరాయి:
కళ్లు మూసుకుని కొనెయ్ తమ్ముడూ. కాన్సస్‌లో కమ్మరి పని నేర్చుకుంటున్న హోయ్ట్ బక్ అనే కుర్రాడు 1902లో మొదలుపెట్టిన పని అది. ఉక్కును ఎంత కాల్చి ఎలా చల్లారిస్తే పదును నిలుస్తుందో పట్టుకోవడమే ఆ ఇంటి విద్య. కంపెనీ 2005లో ఐడహోలోని పోస్ట్ ఫాల్స్‌కు వెళ్లింది, ఆ విద్య మాత్రం పోలేదు. 119లో ఉండేది 420హెచ్‌సీ, అంత ఖరీదైన ఉక్కేమీ కాదు. అయినా వీళ్లు దాన్ని గట్టిదనం చెప్పే రాక్‌వెల్ కొలతలో 58 దాకా తెస్తారు. అంత తేలిగ్గా తుప్పు పట్టదు, మామూలు సానరాయి మీద పది నిమిషాల్లో మళ్లీ పదునెక్కుతుంది. పైగా జీవితకాలం వారంటీ. మడత కత్తిలో అయితే కీలులోకి రక్తం, కొవ్వు వెళ్లి గడ్డకడతాయి. దీనికి కీలే లేదు, కడిగి తుడిస్తే పనైపోయింది.

గోదారి_గట్టు:
వేటకెళ్లేది ఏడాదికి ఒక్కసారి, దానికి సినిమా హీరో కత్తా! మన వైపు వేట మాంసం అంటే మేకపోతు. ఆదివారం కొట్టు ముందు నిలబడితే కోసి సంచీలో వేసిస్తాడు. ఇక్కడా అంతే, జింకను ప్రాసెసర్ దగ్గర పడేస్తే ముక్కలు చేసి ప్యాకెట్లు కట్టి ఇస్తాడు. అంతగా కావాలంటే స్వీడన్ వాళ్ల మోరా కంపానియన్ కొనుక్కో. నాలుగంగుళాల పైన బ్లేడు, ప్లాస్టిక్ పిడి. 119 ధరలో పావు వంతుకు అటూ ఇటూగా వస్తుంది. పోగొట్టుకున్నా ఏడవక్కర్లేదు.

పల్నాటి_అక్క:
గట్టు గారూ, ప్రాసెసర్ దగ్గరికి వెళ్లేలోపు పొట్ట ఎవరు తీస్తారు? టెక్సస్ నవంబర్ అంటే ఒక్కోసారి మధ్యాహ్నం చొక్కా తడిసేంత ఎండ. జింక పడగానే ముందు లైసెన్సుతో వచ్చే ట్యాగ్ కట్టాలి, వెంటనే పేగులు తీసి లోపల గాలి ఆడనివ్వాలి. ఆలస్యమైతే మాంసం పాడైపోతుంది. కత్తితో అసలు పని అక్కడే.

శీనూ, ఎనిమిది సీజన్లుగా వెళ్తున్న అనుభవంతో చెబుతున్నా. ఇన్నేళ్లలో నాకు ఆరంగుళాల కత్తి ఒక్కసారీ అవసరం పడలేదు. పొట్ట కోసేటప్పుడు పదును పైకి తిప్పి, మొన పక్కన రెండు వేళ్లు అడ్డం పెట్టి, తోలును లోపలి నుంచి పైకి కోసుకుంటూ పోవాలి. మొన కాస్త లోతుకు దిగితే పేగు తెగుతుంది. ఆ కంపు మాంసానికి పట్టిందంటే నువ్వు ఎంత అల్లంవెల్లుల్లి దట్టించినా పోదు. 119 మొన సన్నగా, పైకి లేచి ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ కొత్త చేతికి అదే ప్రమాదం.

ఇంకోటి, పేగులకూ ఊపిరితిత్తులకూ మధ్య ఉన్న పొరను కోశాక, రెండు చేతులూ రొమ్ము లోపలికి పెట్టి గొంతు గొట్టాన్ని కోయాలి. అక్కడేమీ కనబడదు, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో తడుముతూ కోయాలి. అంతా రక్తం, జారుడు. ఆ ఇరుకులో ఆరంగుళాల కత్తి తిప్పితే ముందు తెగేది నీ వేలే. నా రెండో సీజన్‌లో ఎవరిదో పెద్ద కత్తి అరువు తీసుకుని ఎడమ బొటనవేలికి నాలుగు కుట్లు వేయించుకున్నాను. మూడున్నర, నాలుగు అంగుళాలు చాలు. గ్లవ్స్ మర్చిపోకు.

సానరాయి:
అక్కా, కుట్లు పడ్డది కత్తి పొడవు వల్ల కాదు, అరువు కత్తి కావడం వల్ల. పదును ఎలా ఉందో తెలియని కత్తితో బలంగా నొక్కితే అలాగే అవుతుంది. 119కి వేళ్లు ముందుకు జారకుండా అడ్డపట్టీ ఉంది. మోరాకి ఏముంది?

పల్నాటి_అక్క:
పదును విషయం ఒప్పుకుంటాను. కానీ అడ్డపట్టీ మాట వేరు. మొన దగ్గర పట్టుకుని సన్నటి పని చేయాలంటే చూపుడు వేలు ముందుకు రావాలి, ఆ పట్టీ అప్పుడు అడ్డే. పొడిచే కత్తికి అది కావాలి, కోసే కత్తికి అక్కర్లేదు. జింకను మనం పొడవం కదా.

హ్యూస్టన్_కృష్ణ:
పొడవు గురించి అందరూ మాట్లాడుతున్నారు, చట్టం మాత్రం ఎవరూ ఎత్తలేదు. 2017 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో పెద్దవాళ్లు దాదాపు ఏ కత్తయినా వెంట పెట్టుకోవచ్చు. కానీ బ్లేడు అయిదున్నర అంగుళాలు దాటితే కొన్ని చోట్లకు తీసుకెళ్లకూడదు. స్కూళ్లు, కాలేజీలు, ఆసుపత్రులు, పోలింగ్ కేంద్రాలు, ప్రార్థనా స్థలాలు. 119 ఆరంగుళాలు, అంటే ఈ లెక్కలోకి వస్తుంది. లీజు నుంచి వస్తూ నడుముకు ఒర తగిలించుకునే గుడిలో సత్యనారాయణ వ్రతానికి దిగావనుకో, దేవుడు క్షమించినా చట్టం క్షమించదు. అక్క చెప్పిన నాలుగంగుళాల కత్తికి ఈ అయిదున్నర గొడవ ఉండదు. అలాగని దాన్ని మాత్రం బడికి పట్టుకెళ్లొద్దు.

గోదారి_గట్టు:
గుడికి కత్తితో వెళ్లేవాడు వ్రతానికి కాదులే కృష్ణా, కొబ్బరికాయ కొట్టడానికి!

అడవిపంది_బాబాయ్:
జింకల సంగతి అక్కకు తెలుసు, పందుల సంగతి నాకు తెలుసు. 2019 నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే అడవిపందుల వేటకు లైసెన్సే అక్కర్లేదు. కాబట్టి శీను ఒకసారి రుచి మరిగితే ఏడాది పొడవునా అవే. మగపంది భుజాల మీద తోలు చెప్పు అట్టలా ఉంటుంది, దాని కింద బురద, ఇసుక. చిన్న కత్తి రెండు నిమిషాల్లో మొద్దుబారుతుంది. కీళ్లు విడదీయడానికీ పెద్ద ముక్కలు కోయడానికీ నాకు ఆరంగుళాలే సుఖం. ఎముకను కొట్టడానికి మాత్రం వాడొద్దు. 119లో ఇనుము పిడి వెడల్పున ఉండదు, సన్నటి తోకలా లోపలికి పోతుంది. ఎముక కొట్టడానికి రంపం ఉంది.

ఆస్టిన్_స్వాతి:
బ్లేడు మార్చుకునే కత్తుల గురించి ఎవరూ అనలేదేం? హావలాన్ లాంటివి. ఆపరేషన్ కత్తిలా ఉంటాయి, సాన పట్టే బాధే లేదు, మొద్దుబారితే తీసి కొత్తది పెట్టుకోవడమే.

పల్నాటి_అక్క:
తోలు తీయడానికి అంత హాయి ఇంకోటి లేదు స్వాతీ. కాకపోతే జింక కీళ్ల దగ్గర బ్లేడును పక్కకు తిప్పితే పుటుక్కున విరుగుతుంది. విరిగిన ముక్క మాంసంలో ఎక్కడుందో వెతుక్కోవాలి. రెండో కత్తిగా సరే, మొదటి కత్తిగా వద్దంటాను.

ఫ్రిస్కో_శీను:
ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. నిజం ఒప్పుకుంటాను. 119 కావాలనిపించింది జింక కోసం కాదు. గుంటూరు జిల్లాలో మా తాత దగ్గర తోలు ఒరలో అలాంటి కత్తి ఒకటి ఉండేది. ఆయన దాన్ని దేనికీ వాడగా చూడలేదు, పండక్కి మాత్రం నూనె రాసేవాడు. ఇండియాకు తీసుకెళ్లి అటక మీద పెడదామన్న ఆలోచన కూడా ఉంది.

హ్యూస్టన్_కృష్ణ:
అక్కడ వేటే నిషేధం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. తొమ్మిదంగుళాలు దాటిన బ్లేడుకో, రెండంగుళాలు దాటిన వెడల్పుకో ఆయుధాల నిబంధనలు వర్తిస్తాయి. 119 ఆ కొలతల లోపలే ఉంటుంది కానీ విమానంలో చెకిన్ సామానులోనే వేయాలి. కస్టమ్స్ వాళ్లు అడిగితే తాత కథ చెప్పుకో.

సానరాయి:
అటక మీద పెట్టినా ఒరలో ఉంచొద్దు తమ్ముడూ. తోలు చెమ్మ పీల్చుకుంటుంది, స్టెయిన్‌లెస్ అయినా మచ్చలు పడతాయి. ఒర వేరుగా, కత్తి వేరుగా.

ఫ్రిస్కో_శీను:
సరే, ఇలా చేస్తున్నా. బక్ వాళ్లదే 102 వుడ్స్‌మన్, నాలుగంగుళాలది, ఇవాళ ఆర్డర్ పెట్టాను. పెద్దాయనకు ఫోన్ చేసి చెబితే "119 నా ట్రక్కులో ఇరవై ఏళ్లుగా పడి ఉంది, దానితో కట్టెపుల్లలు చెక్కుతాను" అన్నాడు. మా ఆవిడ ఇప్పుడు కొత్త ప్రశ్న వేసింది, జింక మాంసం వండేది ఎవరని. దానికి వేరే చర్చ మొదలుపెడతాను.