డబ్బు పెట్టి బూస్ట్ చేయకుండా రీల్స్ రీచ్ పెరగాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది పొందూరు దగ్గర పల్లె, శ్రీకాకుళం జిల్లా. మా అత్త నలభై ఏళ్లుగా ఖద్దరు నూలు వడుకుతోంది, ఆమెతో పాటు ఇంకో ఆరుగురి పని నలుగురికీ తెలియాలని మూడు నెలల కిందట ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టాను. యాడ్స్‌కి డబ్బుల్లేవు, ఉన్నా పెట్టాలని లేదు.

ఇప్పటికి 26 రీల్స్ పెట్టాను. ఒక్కోటి 300 వ్యూస్ దగ్గర ఆగిపోతోంది. కానీ వాలుగ చేప దవడతో పత్తి దువ్వే రీల్ మాత్రం 11 వేలు దాటింది! అది చూసి, ఇక దారి దొరికిందనుకుని అదే మళ్లీ మళ్లీ తీస్తే ఒక్కటీ లేవలేదు. పైగా అత్త "ఆ చేప ముక్క ఎన్నిసార్లు చూపిస్తావురా" అని విసుక్కుంటోంది, అదీ నిజమే.

హ్యాష్‌ట్యాగులు కూడా పెట్టి చూశాను, తేడా ఏమీ లేదు. జనం లైక్ కొట్టడం కన్నా వాట్సాప్‌లో ఇంకొకరికి పంపితేనే మేలని నాకు అనిపిస్తోంది, మన వాళ్లు విశాఖ, హైదరాబాద్‌లలో బోలెడుమంది ఉన్నారు కదా. మరి వాళ్లు పంపుకునేలా ఏం తీయాలి? మన యాసలోనే మాట్లాడించనా, సబ్‌టైటిల్స్ పెట్టనా? చీరల పేజీలవాళ్లని కొలాబ్ పోస్ట్ (ఇద్దరి పేజీల్లోనూ కనిపించే ఉమ్మడి పోస్ట్) అడిగితే ఒప్పుకుంటారా, లేక డబ్బులు అడుగుతారా? ఇలా చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, దయచేసి ఫాలోవర్లని కొనమని మాత్రం చెప్పకండి.