పంచభూతాల కవితా శిబిరంలో గంటసేపు వేదాంతం అవసరమా?

ఆటవెలది
మన బెంగళూరు తెలుగువాళ్లు నెలనెలా లాల్‌బాగ్ కొండరాయి దగ్గర నడుపుతున్న కవితా శిబిరం సంగతి ఇది. ఒక్కో నెల ఒక్కో భూతం. ఈసారి ఆకాశం వంతు. తైత్తిరీయోపనిషత్తుతో మొదలుపెట్టారు: ఆకాశం నుంచి వాయువు, వాయువు నుంచి అగ్ని, అగ్ని నుంచి నీరు, నీటి నుంచి భూమి. ఆకాశానికి శబ్దం ఒక్కటే గుణం, భూమికి వచ్చేసరికి ఐదు గుణాలూ చేరతాయి. వినడానికి బాగానే ఉంది. గంట గడిచాక, రాసుకోండి, ఇరవై నిమిషాలే ఉంది అన్నారు! ఆ గంటలో ఆటవెలది లక్షణం చెప్పి ఉంటే పదిమందికీ పనికొచ్చేది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదూ సూర్యగణాలే. అంతే కదా?

మారతహళ్లి వాసి
మా అబ్బాయికి గురువు, లఘువు చెప్పేసరికే వేసవి సెలవులు అయిపోయాయి.

ప్రాసయతి
అంతే కాదు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి చెల్లాలి. అది వదిలేస్తే ఆటవెలది ఎలా అవుతుంది?

చెరువుకట్ట
ఆ రోజు రాసినవాళ్లందరి కవితలూ చదివించారా?

చార్వాకుడు
భూతాలు ఐదని ఎవరు తేల్చారు? కంటికి కనిపించేదే నమ్మిన పాతకాలపు చార్వాకులకు నాలుగే. ప్రత్యక్షానికి అందని ఆకాశాన్ని వాళ్లు ఒప్పుకోలేదు. గ్రీకుల్లో ఎంపెడోక్లిస్ చెప్పినవీ నాలుగే, ఆ తత్వాన్ని కూడా పద్యాల్లోనే రాశాడాయన. చైనావాళ్ల లెక్క ఐదే అయినా అందులో కొయ్య, లోహం ఉంటాయి, గాలి ఉండదు. ఇన్ని దారులుంటే శిబిరంలో ఒక్క ఉపనిషత్తే ఎందుకు?

శిబిరం తరఫున
అందరికీ నమస్కారం. తత్వం చెప్పకపోతే ఏం జరుగుతుందో మొదటి నెలల్లోనే చూశాం. నీటి మీద రాయమంటే అందరూ వానచినుకులూ కాగితం పడవలే రాశారు. భూమి వంతు వచ్చినప్పుడు సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి ఆ రాతిని చేత్తో తడిమించి, దాని వయసు చెప్పి, అప్పుడు రాయమన్నాం. ఆ రోజు వచ్చినవి మంచి కవితలు. ఒక ఆలోచన దొరికితేనే మాట కదులుతుంది. ఇక చందస్సు అంటారా, దానికి వేరే తరగతి పెట్టుకోవచ్చు. చార్వాకుడు గారూ, నాలుగా ఐదా అన్న వాదం శిబిరంలో తేలేది కాదు.

చార్వాకుడు
తేలకపోతే ఐదని ఎందుకు ప్రకటించారు? ఆహ్వానంలోనే ‘పంచ’ అని ఉంది.

ప్రాసయతి
చందస్సు కాదండీ, ఛందస్సు.

చెరువుకట్ట
నేనడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆటవెలది
రాయి తడిమితే కవిత్వం వస్తుందంటే లాల్‌బాగ్ తోటమాలులందరూ మహాకవులు కావాలి. వేమన పద్యాలు 1829లో బ్రౌన్ దొర అచ్చు వేయించేనాటికే జనం నోళ్లలో ఎందుకు నిలిచి ఉన్నాయి? నడక వల్ల. తత్వమూ ఉంది, కాదనను. కానీ నడక లేని తత్వం ఎవరికి గుర్తుంటుంది?

శిబిరం తరఫున
చెరువుకట్ట గారూ, చదవగలిగినవన్నీ చదివించాం. సమయం చాలలేదు.

చెరువుకట్ట
‘చదవగలిగినవి’ అన్నారు చూశారా, నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. నా కవితను పక్కన పెట్టింది సమయం చాలక కాదు. మాది ఈ ఊరే. మా తాతలకు బెళ్లందూరు చెరువు కింద మడి ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నాకు తెలుగు రాయడం రాదు, కన్నడ అక్షరాల్లో తెలుగు రాసుకుంటాను. మా ఇంట్లో అందరిదీ అదే తీరు. ఆ కాగితం చూసి మీ కార్యకర్త ఒకరు, ‘తెలుగులో రాసుకుని రండమ్మా’ అని తిరిగి నా చేతిలో పెట్టారు. అది తెలుగే! అగ్ని నుంచి నీరు పుట్టిందని మీరు చెప్పారు. 2017లో, మళ్లీ 2018లో మా చెరువు మంటల్లో ఉన్నప్పుడు నీటి నుంచి అగ్ని పుట్టిందని నేను రాశాను. నురుగు గాలికి లేచి రోడ్డు మీద స్కూటర్ల ముందు పడేది. అది తత్వం కాదా?

మారతహళ్లి వాసి
ఆ నురుగు నేనూ చూశాను. ముక్కు మూసుకుని దాటేవాళ్లం.

శిబిరం తరఫున
మీ మనసు నొప్పించాలని కాదు. ఏడాది చివర్లో పుస్తకం వేస్తున్నాం. కన్నడ లిపిలో ఉన్నదాన్ని మాలో ఎవరూ చదవలేరు.

చెరువుకట్ట
పదేళ్లుగా ఈ ఊళ్లో ఉండి చదవలేరా? పోనీ, నన్నే చదవమనవలసింది.

చార్వాకుడు
నేను ఆకాశాన్ని ఒప్పుకోను. మీరు ఒప్పుకుంటారు. ఆకాశానికి శబ్దమే గుణమని గంటసేపు చెప్పి, చెవితో వినాల్సిన కవితను కంటితో చూసి పక్కన పెట్టారా?

ఆటవెలది
వెటకారం తేలిక. నా బాధ వినండి. మా అమ్మాయికి బడిలో కన్నడం, ఇంగ్లీషు. అమ్మమ్మ రాసిన ఉత్తరం చదవలేదు, నేనే చదివి వినిపించాలి. శిబిరానికి తీసుకొచ్చేది కవయిత్రిని చేయాలని కాదు, నాలుగు తెలుగు అక్షరాలు కళ్లపడతాయని. ఇక్కడ కూడా ఏ లిపి అయినా సరే అంటే, ఆ పిల్ల అక్షరాలు దిద్దేదెప్పుడు?

ప్రాసయతి
పాత శాసనాల్లో రెండింటికీ లిపి ఒకటే. ఇప్పటికీ చాలా అక్షరాల్లో తేడా తలకట్టు దగ్గరే.

చెరువుకట్ట
మీ అమ్మాయికి అక్షరాలు నేర్పించండి, సంతోషం. దానికి నా కవిత ఎందుకు అడ్డం? మీ అమ్మాయి నా వయసుకు వచ్చేసరికి ఆమె పిల్లలూ నాలాగే రాస్తారు. అప్పుడు వాళ్లను కూడా వెనక్కి పంపుతారా?

ఆటవెలది
అలా జరగకూడదనే కదా నా తాపత్రయం.

చెరువుకట్ట
అంటే నాలా కాకూడదని. ఇన్ని మాటలు తిరిగి అక్కడికి వచ్చారన్నమాట.

శిబిరం తరఫున
పెద్దవారు, అలా అనుకోకండి. రెండు లిపుల్లోనూ వేస్తే పేజీలు పెరుగుతాయి, చందా పెంచాలి. సభ్యులు ఒప్పుకుంటే వేద్దాం.

ఆటవెలది
నేను ఇవ్వను. ముందే చెబుతున్నాను.

చెరువుకట్ట
నా పేజీ ఖర్చు నేనే పెట్టుకుంటాను. కన్నడ అక్షరాల్లోనే వేయండి, తెలుగులోకి మార్చవద్దు.