విశాఖలో రెండు రోజులే ఉంటే అరకుకు వెళ్లాలా, భీమిలి దారి పట్టాలా?

ఏలూరు యాత్రికుడు:
డిసెంబరులో అమ్మానాన్నలను, పదేళ్ల పాపను వెంటబెట్టుకుని విశాఖపట్నం వస్తున్నాము. మా చేతిలో ఉన్నవి రెండు పూర్తి రోజులే. విశాఖ దాకా వెళ్లి అరకు చూడకుండా తిరిగి రావడమేమిటని బంధువులందరూ నిలదీస్తున్నారు. అందులో ఒక రోజంతా కొండదారిలోనే గడిచిపోతే నగరాన్ని, తీరాన్ని చూసేదెప్పుడన్నది నా సందేహం. తెలిసినవారు కారణాలతో సహా చెప్పగలరు.

కిరండూల్ ప్యాసింజర్:
సందేహం అక్కరలేదు, అరకుకే వెళ్లండి. సముద్రమే కావాలంటే మీకు మచిలీపట్నం దగ్గరలోనే ఉంది. పట్టుమని నాలుగైదు గంటల్లో సముద్రమట్టం నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తుకు చేర్చే రైలు మాత్రం మీ చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దించడానికి 1960లలో వేసిన ఆ మార్గంలో, శివలింగపురం దాటాక ఘాట్ మొదలవుతుంది. ఒక సొరంగంలోంచి బయటపడి లోయను చూసేలోపే మరొకటి వస్తుంది, పాపకు అంతకు మించిన వేడుక ఉండదు. పైగా చలికాలం మొదట్లో వలిసె చేలు పసుపురంగు పూలతో నిండి ఉంటాయి. మీరు వచ్చేది నెల మొదట్లో అయితే వాటిని కూడా చూడవచ్చు.

భీమిలి వాస్తవ్యుడు:
పై మిత్రుడి రైలు వర్ణనతో నాకు పేచీ లేదు, మచిలీపట్నంతో పోల్చడంతోనే ఉంది. అక్కడి తీరం బల్లపరుపు నేల. విశాఖలో తూర్పు కనుమల కొసలు నేరుగా సముద్రం ఒడ్డుకే దిగివస్తాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ ఓడరేవుకు అడ్డుగోడలా నిలిచింది కాబట్టే ఇక్కడ ఇంత సహజమైన రేవు ఏర్పడింది. జాతీయ రహదారి పక్కనే, జంతు ప్రదర్శనశాలకు ఎదురుగా, సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం ఉంది. కొండ, అడవి, కడలి ఇంత దగ్గరగా కలిసిన ఊరికి వచ్చి, వాటిని విడిచి మరో కొండకు పరుగెత్తడం ఎందుకో నాకు అర్థం కాదు.

మీరు ఒక రోజు పొద్దున్నే బీచ్ రోడ్డు మీదుగా భీమిలికి బయలుదేరండి. తొట్లకొండ మీద బౌద్ధ విహారపు పునాదుల మధ్య నిలబడితే, ఆనాటి భిక్షువులు నివాసానికి ఎంత చక్కని చోటు వెతుక్కున్నారో తెలుస్తుంది. ఆ తరువాత ఎర్రమట్టి దిబ్బలకు కనీసం రెండు గంటలు కేటాయించండి. చివరి మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే చాలా వెనక్కి తగ్గినప్పుడు, బయటపడిన ఇసుకను గాలి ఎగరేసుకొచ్చి ఇక్కడ పోగుచేసింది. ఇసుక రేణువులకు పట్టిన ఇనుప ఆక్సైడు వల్ల దానికి ఆ రంగు వచ్చింది. వాన నీరు కోసిన ఇరుకు గళ్లీలలో నడుస్తుంటే రెండు పక్కలా మనిషిని మించిన ఎర్రని గోడలు లేస్తాయి. గోరు తగిలితే చాలు, పొడిగా రాలిపోతాయి. కాబట్టి పాపను అంచుల మీదకు ఎక్కనివ్వకండి. జీపులు, సినిమా షూటింగులు చేసిన చేటు ఇప్పటికే చాలు. ఈ దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు కూడా ఎక్కాయి.

అరకు లోయకు పోటెత్తే వారాంతపు జనంలో, కార్ల వరుస వెనుక గంటల తరబడి కూర్చోవడం కంటే ఇది ఏ విధంగా తక్కువ?

తాటిపూడి నీళ్లు:
మీరిద్దరూ కొండను, కడలిని వేరుచేసి వాదిస్తున్నారు, గోస్తని నది మాత్రం వాటిని కలుపుతూనే ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయాన్ని నింపి, పద్మనాభం పక్కగా వచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. విశాఖ కుళాయిల్లోకి వచ్చే నీటిలో కొంత తాటిపూడిదే. మొదటి రోజు నగరం చూసి, రెండో రోజు కారులో వేకువనే బొర్రాకు వెళ్లి, తిరుగు ప్రయాణంలో తాటిపూడి, పద్మనాభం మీదుగా సాయంత్రానికి భీమిలి చేరండి. పద్మనాభం 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీతో పోరాడి నేలకొరిగిన చోటు. తెలుగువారు ఒక్కసారైనా ఆగి చూడవలసినది.

భీమిలి వాస్తవ్యుడు:
ఆలోచన బాగుంది కానీ అమలు కష్టం. బొర్రా గుహల్లో దిగాల్సిన మెట్లు చాలా ఉన్నాయి, చెమ్మ వల్ల కొన్నిచోట్ల కాలు జారుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారైతే పైనే ఆగిపోవాలి. పైగా అంత తిరిగాక దిబ్బలు చూసే వెలుతురు మిగలదు.

ఏలూరు యాత్రికుడు:
నాన్నగారికి మోకాళ్ల నొప్పులు ఉన్న మాట నిజమేనండీ. అందువల్ల మొదటి రోజు తొట్లకొండ, దిబ్బలు, భీమిలి అనుకుంటున్నాము. రెండో రోజు రైలా, గోస్తని దారా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు.

కిరండూల్ ప్యాసింజర్:
తేలేదాకా ఆగకండి. అరకు రైలుకు ఉండే అద్దాల పెట్టెలో (విస్టాడోమ్) సీట్లు డిసెంబరులో చాలా ముందే అయిపోతాయి. నాన్నగారి మోకాళ్ల సంగతి చూసినా రైలే నయం, మెట్లు దిగే పని లేకుండా కూర్చున్నచోటి నుంచే లోయ కనిపిస్తుంది. ఇప్పుడే టికెట్లు తీసి ఉంచండి, మనసు మారితే రద్దు చేసుకోవచ్చు.