అత్తయ్యగారితో సెయింట్ అగస్టీన్: ఫౌంటెన్ ఆఫ్ యూత్ పార్కు చూడాలా, కోట చాలా?

గోదారి కోడలు: శనివారం అత్తయ్యగారిని, మావయ్యగారిని తీసుకుని ఆర్లాండో నుంచి ఫ్లోరిడాలోనే ఉన్న సెయింట్ అగస్టీన్ వెళ్తున్నాం. ఒక్క రోజే. పార్కు, కోట రెండూ అవుతాయా? అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. అక్కడ మనం తినేవి దొరుకుతాయా?

టాంపా బాబాయ్: పార్కులో తాగితే యవ్వనం వస్తుందనే ఊట ఉంది, ఆ నీళ్లు మాత్రం తాగమ్మా. చిన్న కప్పులో పోసుకోవాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం, దీపావళి మర్నాడు వీధిలో వచ్చే వాసన. మా ఆవిడ మూడు కప్పులు తాగింది. నేను ఒకటి తాగాను. నా బట్టతల ఎక్కడిది అక్కడే ఉంది.

తవ్వకాల పిచ్చోడు: ఆ నీళ్ల కథే బూటకం. స్పెయిన్ నావికుడు పోన్స్ డి లియోన్ 1513లో ఫ్లోరిడా వచ్చిన మాట నిజం. యవ్వనం కోసం ఊట వెతికాడన్న కథ ఆయన పోయాక అంటగట్టింది. దిగింది కూడా అక్కడ కాదు, ఇంకా చాలా దక్షిణాన అని ఎక్కువమంది చరిత్రకారుల మాట.

జాక్సన్‌విల్ రమణ: మీరు పక్కనుండి చూశారా? ఊట పక్కనే రాళ్లతో పరిచిన శిలువ ఉంది. నిలువు 15 రాళ్లు, అడ్డం 13. అంటే 1513. లెక్క సరిపోయిందిగా!

తవ్వకాల పిచ్చోడు: సరిపోదా మరి! ఆ శిలువ దొరికిందని చెప్పింది లువెల్లా మెకానెల్, 1900 తర్వాత. ఆ స్థలానికి టికెట్టు పెట్టి చూపించిందీ ఆవిడే. ఊళ్లో ఆవిణ్ణి డైమండ్ లిల్ అనేవారు. హిస్టరీలో ఎం.ఏ. చేశాను, ఆ పార్కుకి ఆరుసార్లు వెళ్లాను, నాకు చెప్పకండి.

జాక్సన్‌విల్ రమణ: బూటకమైతే ఆరుసార్లు ఎందుకెళ్లారు సార్?

ఇద్దరు పిల్లల తల్లి: మా పిల్లలకి శిలువా వద్దు, ఊటా వద్దు. నెమళ్లు! దారికి అడ్డంగా పురి విప్పి నిలబడితే అరగంట కదల్లేదు. ఫిరంగి పేల్చే ముందు చెవులు మూసుకోమని చెప్పారు. నేను వీడియో తీస్తూ పాపవి మూయడం మర్చిపోయాను. కారు ఎక్కేదాకా ఏడుపే.

అట్లాంటా పులిహోర: తిండి సంగతి నన్నడగండి. పులిహోర, పెరుగన్నం, ఊరమిరపకాయలు. ఎక్కడికెళ్లినా ఇంతే. నెమలి చూస్తుండగా డబ్బా మూత మాత్రం తీయకండి.

తవ్వకాల పిచ్చోడు: రమణగారూ, అసలు చూడాల్సింది వేరే ఉంది కాబట్టి వెళ్లాను. అక్కడ సెలోయ్ అనే ఊరు ఉండేది, తిముకువా అనే స్థానిక తెగవాళ్లది. 1565 సెప్టెంబరులో స్పానిష్ సేనాని మెనెండెజ్ దిగి తన మొదటి శిబిరం వేసింది ఆ పరిసరాల్లోనే. ఇంగ్లీషువాళ్లు అమెరికాలో స్థిరపడ్డ జేమ్స్‌టౌన్ కంటే 42 ఏళ్లు ముందు. ఫ్లోరిడా యూనివర్సిటీ నుంచి కాథ్లీన్ డీగన్ ఏళ్ల తరబడి అక్కడ తవ్వారు. 1934లో నారింజ మొక్కలు నాటుతుంటే ఎముకలు బయటపడ్డాయి. క్రైస్తవ పద్ధతిలో పూడ్చిన తిముకువాలవి. వీటి ముందు మీ 15, 13 రాళ్లు ఎంత?

నల్లమల: ఆ తిముకువాలు ఏమయ్యారో ఎవరూ అడగరేం? వచ్చినవాళ్లకి చోటిచ్చారు. నెలలు తిరక్కుండానే గొడవలు. 1566లో స్పానిష్‌వాళ్లు తట్టాబుట్టా సర్దుకుని ఎదురుగా అనస్తాసియా దీవికి పోయారు. తర్వాత రోగాలొచ్చి తిముకువాలు తుడిచిపెట్టుకుపోయారు. మనం నెమళ్లతో సెల్ఫీలు.

ఇద్దరు పిల్లల తల్లి: సెల్ఫీ దిగితే తప్పా అండీ? పిల్లలతో వెళ్లేవాళ్లం ఏడుస్తూ తిరగాలా?

నల్లమల: మిమ్మల్ని అనలేదు.

ఇద్దరు పిల్లల తల్లి: ఇంకెవర్ని అన్నారు? నెమళ్ల మాటెత్తింది నేనేగా.

టాంపా బాబాయ్: కొట్టుకోకండి. మన క్షీరసాగరం చిలికినప్పుడూ ఇంత గొడవ అయ్యుండదు.

గోదారి కోడలు: అయ్యా, మోకాళ్లు!

అట్లాంటా పులిహోర: కోటే కష్టం అమ్మా. 1672లో మొదలుపెట్టి గవ్వలరాయితో కట్టారు, చూడాల్సిందే. కానీ ఫిరంగులుండే పైఅంతస్తుకి మెట్లు తప్ప దారి లేదు. అత్తయ్యగారిని కింద నీడలో కూర్చోబెట్టి మీరు ఎక్కిరండి. పార్కు 15 ఎకరాలు, నేల చదునే. పొద్దున్నే వెళ్తే ఎండ తగలదు.

జాక్సన్‌విల్ రమణ: శిలువ దగ్గర ఫోటో దిగడం మర్చిపోకండి.

తవ్వకాల పిచ్చోడు: మళ్లీనా!

గోదారి కోడలు: పొద్దున పార్కు, తర్వాత కోట అనుకున్నాం. ఇదంతా మావయ్యగారికి చదివి వినిపించాను. ఆ నీళ్లు సీసాలో పట్టుకుని రాజమండ్రి తీసుకెళ్లొచ్చా అని అడుగుతున్నారు.