పెరట్లో విడి ఏడీయూనా, ఇంట్లోనే ఒక గదా? (కాలిఫోర్నియా)

పెరటిచెట్టు:
1960ల నాటి ఒంటి అంతస్తు ఇల్లు. పెరడు 60 అడుగుల వెడల్పు, 38 అడుగుల లోతు. వీధివైపు కంటే ఒకటిన్నర అడుగు పల్లం. కరెంటు ప్యానెల్ 100 ఆంప్స్. అత్తమామలకు డెబ్బై దాటాయి, మామగారికి మోకాళ్ల నొప్పులు. వాళ్లుండటానికి డిజైనర్ 28×26 అడుగుల విడి ఏడీయూ (అదే స్థలంలో కట్టే రెండో చిన్న ఇల్లు) గీసిచ్చాడు. గరాజ్ పక్క పడగ్గదినే జూనియర్ ఏడీయూ చేస్తే చాలని ఇంట్లోవాళ్ల వాదన. ఏది నయమంటారు?

మట్టపుబద్ద:
విడిగానే కట్టండి. చట్టం మీవైపే ఉంది. 800 చదరపు అడుగుల లోపు, 16 అడుగుల ఎత్తు, పక్కలా వెనకా 4 అడుగుల చొప్పున వదిలితే నగరం కాదనలేదు. దరఖాస్తు పూర్తిగా అందాక 60 రోజుల్లో తేల్చాలి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) షరతులు పెట్టగలదు గానీ వద్దనలేదు. 750 లోపైతే ఇంపాక్ట్ ఫీజు (కొత్త కట్టడాల మీద వసూలుచేసే రుసుము) పడదు, అందుకే సగం ప్లాన్లు 749 దగ్గర ఆగుతాయి. స్కూల్ ఫీజు మాత్రం వేరు, అది 500 నుంచే మొదలు. ప్రాపర్టీ టాక్స్‌కి పాత ఇంటి మదింపు కదలదు, కొత్త కట్టడం విలువే కలుస్తుంది. జూనియర్ అంటే 500కి మించదు, అదీ ఇంటి గోడల లోపలే. ఇద్దరు మనుషులు ఏళ్ల తరబడి ఉండటానికి అది చాలదు.

మురుగువాలు:
చట్టం ఒప్పుకుంది సరే, నేల ఒప్పుకోవాలిగా. ముందు లెక్క చూడండి.

మురుగు పైపుకి అడుగుకి పావు అంగుళం వాలు కావాలి. ఏడీయూ బాత్రూమ్ నుంచి పాత పైపులో కలిసే చోటికి 90 అడుగులనుకుందాం. అంటే 22.5 అంగుళాల దిగుడు. కలిసే చోట పాత పైపు అడుగు భాగం నేలకి 30 అంగుళాల కింద ఉంటే, పెరటి చివర కొత్త పైపు వీధి మట్టానికి 7.5 అంగుళాల కిందే మొదలవ్వాలి. మీ పెరడేమో 18 అంగుళాల పల్లం. పైపు నేల మీద పదిన్నర అంగుళాల ఎత్తున తేలుతుంది! నాలుగంగుళాల పైపుకి ఇన్‌స్పెక్టర్ దయతలచి అడుగుకి ఎనిమిదో వంతు అంగుళం ఒప్పుకున్నా, పైన కప్పడానికి మట్టి మిగలదు.

మీ ఇంట్లో ఆ 30 ఎంతో తెలియాలంటే ప్లంబర్‌తో కెమెరా వేయించి, లోతు కొలిపించాలి. ఆ కాలపు ఇళ్లలో మట్టి పైపులుంటాయి. అతుకుల్లో వేళ్లు దూరి ఉంటే అదీ అప్పుడే బయటపడుతుంది. డిజైనర్‌కి డబ్బు కట్టేముందు చేయాల్సిన పని ఇది.

మట్టపుబద్ద:
మురుగుని పైకి నెట్టే ఎజెక్టర్ పంపు పెడితే సరి. లేదా ఫ్లోర్ ఎత్తండి.

మురుగువాలు:
పంపంటే తొట్టి, రెండంగుళాల ప్రెషర్ లైన్, చెక్ వాల్వ్, గాలిగొట్టం, అలారం. కరెంటు పోతే ఫ్లష్ చేయకూడదు. తడి వైప్స్ వేస్తే పంపు రెక్కలకి చుట్టుకుని ఆగిపోతుంది. పడుచువాళ్లు అద్దెకుంటే సర్దుకుంటారు, డెబ్బై దాటినవాళ్లకి అర్ధరాత్రి అలారం మోగితే ఏం చేస్తారు?

ఫ్లోర్ ఎత్తడం ఇంకా దండగ. ర్యాంపుకి 1:12 వాలు. 18 అంగుళాలు ఎత్తితే 18 అడుగుల ర్యాంపు, కింద మీద ఐదేసి అడుగుల చదును. మోకాళ్ల కోసం కడుతున్న ఇంటికి మెట్లు పెట్టినట్టు.

హద్దురాయి:
ఇద్దరూ ఈజ్‌మెంట్ మాట మరిచారు. నాలుగడుగుల సెట్‌బ్యాక్ నగరం నియమం, యుటిలిటీ ఈజ్‌మెంట్ వేరే హక్కు, కరెంటు, పైపు లైన్ల కోసం మీ స్థలంలో కొంత మేర కంపెనీలకుండేది. మొదటిది చూపించి రెండోదాన్ని దాటలేరు. స్థలం మీదున్న హక్కులు చూపే టైటిల్ రిపోర్ట్ తీయండి. వెనక 10 అడుగుల ఈజ్‌మెంట్ ఉంటే 38లో 28 మిగులుతుంది, 26 లోతు కట్టడం పెడితే పాత ఇంటికీ దీనికీ మధ్య రెండడుగుల సందు. అప్పుడు 36×20 చేసుకోవాలి: 720 చదరపు అడుగులు, ఎనిమిదడుగుల ఖాళీ. చూరు కూడా ఈజ్‌మెంట్ మీదికి రాకూడదు.

ఇంకోటి. హద్దుకి ఐదడుగుల లోపు గోడ వస్తే, స్ప్రింక్లర్లు లేకపోతే ఒక గంట ఫైర్ రేటింగ్ కావాలి, ఆ గోడలో కిటికీలూ తలుపులూ పాతిక శాతం మించకూడదు. నాలుగు బదులు ఐదు వదిలితే ఈ గొడవే లేదు. పక్కల వెడల్పు ఎలాగూ మీకు ధారాళంగా ఉంది.

ఆంపియర్:
100 ఆంప్స్ అనగానే 200కి మార్చేయమంటారు. తొందరపడకండి, ముందు లోడ్ లెక్క వేయించండి. పాత ఇంట్లో పొయ్యి, డ్రయ్యర్, గీజర్ గ్యాస్‌వే అయితే కొంత ఖాళీ ఉంటుంది. 120 వోల్ట్ హీట్ పంప్ గీజర్, ఒక మినీస్ప్లిట్ ఏసీ పెడితే 60 ఆంప్స్ సబ్‌ప్యానెల్‌తో నడవొచ్చు. సర్వీస్ పెంచాలంటే యుటిలిటీ కంపెనీ చేతుల్లోకి వెళ్తారు, అక్కడ నెలలు పడుతుంది. ఇన్‌స్పెక్షన్‌లో ఎక్కువగా పట్టుబడేది ఒక్కటే: సబ్‌ప్యానెల్‌లో న్యూట్రల్‌నీ గ్రౌండ్‌నీ కలిపేయడం. నాలుగు తీగలు లాగాలి, ఆ రెండూ విడిగా ఉండాలి, ఏడీయూ దగ్గర వేరే గ్రౌండ్ రాడ్లు పాతాలి. పీవీసీ గొట్టం 18 అంగుళాల లోతున. విడి ఏడీయూకి సోలార్ పెట్టాలన్న నియమం కూడా ఉంది, లెక్కలో 1.8 కిలోవాట్ల కంటే తక్కువొస్తే మినహాయింపు.

పక్కగది:
ఇంతసేపూ పైపులూ తీగలే. మామగారు రాత్రి బాత్రూమ్‌లో జారిపడితే పెరట్లోంచి పిలుపు వినపడదు. జూనియర్ ఏడీయూకి ఇంట్లోంచే తలుపు పెట్టుకోవచ్చు. మురుగు పైపు అక్కడికక్కడే ఉంటుంది, చిన్న కిచెన్ చాలు. పైగా బీ-2 విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లయితే ఒక రాకకి మామూలుగా ఆరు నెలలే. మిగతా సగం ఏడాది ఆ కట్టడం ఏం చేస్తారు? 30 రోజుల కంటే తక్కువ అద్దెలు చాలా నగరాల్లో కుదరవు.

మట్టపుబద్ద:
పిలుపు వినపడకపోతే బెల్ పెట్టొచ్చండీ. కోడలి వంటింట్లో అత్తగారు పదేళ్లు సర్దుకోవడానికి ఏ బెల్ పెడతారు? ఆరు నెలల అద్దెకి ట్రావెల్ నర్సుల్లాంటివాళ్లు దొరుకుతారు. యజమాని అదే స్థలంలో ఉంటే సరైన కారణం లేకుండా అద్దెవాళ్లని ఖాళీ చేయించకూడదనే రాష్ట్ర జస్ట్ కాజ్ చట్టం నుంచి మినహాయింపుంది, నగరం నియమాలు వేరుగా చూసుకోవాలి.

పక్కగది:
అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయకపోతే, వచ్చిన అత్తమామలు హాల్లోనా? గ్రీన్ కార్డుతో ఇక్కడే ఉండిపోయేవాళ్లకైతే మీ మాట ఒప్పుకుంటా.

మురుగువాలు:
ఎటు కట్టినా ఒక్కటి. గడప లేని షవర్ కావాలంటే శ్లాబ్ పోసేముందే ఆ చోటు అంగుళంన్నర, రెండంగుళాలు లోతుగా వదలాలి, తర్వాత చెక్కడం నరకం. గరాజ్ పక్క గదికి కింద శ్లాబ్ బదులు క్రాల్‌స్పేస్ (పాకి వెళ్లే ఖాళీ) ఉంటే జాయిస్ట్‌లు (ఫ్లోర్‌ని మోసే దూలాలు) కోయకుండా ఆ లోతు ఎలా వస్తుందో ఇంజనీరుని అడగాలి. కమోడ్ పక్క, షవర్ చుట్టూ గోడల్లో నేల నుంచి 33–36 అంగుళాల ఎత్తున చెక్క దిమ్మెలు గోడ పలకలు (షీట్‌రాక్) వేసేముందే బిగించాలి. పట్టుకునే కడ్డీలు ఎప్పుడైనా కొనొచ్చు. బాత్రూమ్ తలుపు 36 అంగుళాలు.

పెరటిచెట్టు:
టైటిల్ రిపోర్ట్ తీస్తే వెనక 10 అడుగుల ఈజ్‌మెంట్ ఉంది. 28×26 పోయినట్టే. వాళ్లది బీ-2 కాదు, గ్రీన్ కార్డులే. కెమెరాకి ప్లంబర్‌ని పిలుస్తున్నాం. లోతు 45 అంగుళాలు దాటితే 36×20, లేకపోతే గరాజ్ పక్క గదే.

మురుగువాలు:
45 అయితే పెరటి చివర పైపు మీద నాలుగున్నర అంగుళాల మట్టి కూడా మిగలదు, పైపు మందం కూడా అందులోనే పోతుంది. 54 దాకా చూడండి. దూరం 90 కంటే తగ్గితే ప్రతి నాలుగడుగులకీ ఒక అంగుళం కలిసొస్తుంది, కాబట్టి బాత్రూమ్‌ని వీధివైపు మూలకి జరపమని డిజైనర్‌కి ముందే చెప్పండి.