సైకిల్ లేన్‌లోకి కార్లు రాకుండా దిమ్మెలు కట్టాల్సిందేనా?

రోజూ సైకిల్:
సూటిగా చెప్తాను. తెల్ల గీత గీసి, దాని పక్కన సైకిల్ బొమ్మ వేసి వదిలేస్తే అది సైకిల్ లేన్ కాదు, కార్లవాళ్లకి ఊరికే దొరికిన పార్కింగ్. పెద్ద రోడ్లలో లేన్ వేస్తే దానికి కాంక్రీట్ దిమ్మెలో, ఎత్తైన గట్టో ఉండాల్సిందే. బోర్డులూ ఫైన్లూ చాలా చూశాం.

లేన్‌లో ఒక కారు హజార్డ్ లైట్లు వేసుకుని ఆగిందనుకోండి. డ్రైవర్‌కి అది రెండు నిమిషాల పని. సైకిల్ మీద వచ్చేవాడి సంగతి చూడండి. కారులో మనిషి ఉన్నాడా, ఉన్నట్టుండి తలుపు తీస్తాడా అని గమనించాలి. తల తిప్పి వెనక వచ్చే బండ్లు చూసుకోవాలి. ఒక చెయ్యి హ్యాండిల్ మీంచి తీసి సైగ చెయ్యాలి. అప్పుడు, 50లో వస్తున్న బండ్ల మధ్యకి తను 15లో దూరాలి. ఇదంతా నాలుగైదు సెకన్లలో అయిపోవాలి. పన్నెండేళ్ల పిల్ల ఈ పని చెయ్యగలదా? చెయ్యలేకపోతే ఆ లేన్ ఎవరికోసం వేసినట్టు?

స్టీరింగ్ వెనక:
మీ బాధ అర్థమైంది గానీ, రోడ్డు మీద మీరొక్కరే లేరు కదండీ. నేను వెళ్లే దారిలో ఒక వరస తీసేసి సైకిళ్లకిచ్చారు. సిగ్నల్ దగ్గర మా కార్ల బారు కనుచూపు మేర ఉంటుంది, పక్కన ఆ లేన్ ఖాళీగా వెక్కిరిస్తుంటుంది. ఇంకా దానికి దిమ్మెలు కూడానా? అంబులెన్స్ వస్తే ఎటు జరగాలి మేము? కెనడాలోని ఒంటారియో ప్రభుత్వం 2024లో చట్టమే చేసింది, టొరంటోలో మూడు పెద్ద రోడ్ల మీది సైకిల్ లేన్లు పీకేస్తామని. వాళ్లంతా పిచ్చివాళ్లా?

రోజూ సైకిల్:
సగం కథే చెప్పారు. ఆ చట్టం మీద కొందరు కోర్టుకెళ్లారు. లేన్లు తీసేస్తే రద్దీ తగ్గుతుందనడానికి ఆధారం లేదు, సైకిల్ తొక్కేవాళ్ల ప్రాణాలకి ముప్పు మాత్రం పెరుగుతుంది, కాబట్టి అది రాజ్యాంగ విరుద్ధమని 2025 జులైలో అక్కడి కోర్టు తీర్పిచ్చింది. ప్రభుత్వం అప్పీలుకి వెళ్తామంది, అది వేరే సంగతి.

గీతలు గీసేవాడు:
నా ఉద్యోగమే రోడ్లకి డ్రాయింగులు వెయ్యడం. అందుకే ఈ గొడవలో రెండు వైపులా తిట్లు తింటుంటాను. కొంచెం పొడుగు రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు ఆ "ఖాళీ లేన్" సంగతి. వంద కార్లు బారు తీరితే అర కిలోమీటరు పైనే. వంద సైకిళ్లు సిగ్నల్ పడగానే అంతకన్నా చాలా త్వరగా వెళ్లిపోతాయి. కారు అద్దంలోంచి చూసేవాడికి ఎప్పుడూ తన బారే కనబడుతుంది, వెళ్లిపోయిన సైకిల్ కనబడదు. అలాగని ప్రతి ఖాళీ లేనూ నిజానికి నిండుగా ఉన్నట్టు కాదు. ఎక్కడో మొదలై నడిరోడ్డు మీద ఆగిపోయే లేన్లు నిజంగానే ఖాళీగా ఉంటాయి. సగం దూరం భద్రంగా, సగం దూరం దేవుడి మీద భారం వేసి వెళ్లమంటే ఎవరొస్తారు? స్పెయిన్‌లోని సెవిల్‌లో 2006 తర్వాత కొద్ది ఏళ్లలోనే వంద కిలోమీటర్లకి పైగా లేన్లు ఒకదానికొకటి కలిపి, కార్ల నుంచి విడదీసి కట్టారు. అంతకుముందు సైకిల్ అరుదుగా కనబడిన ఊరది. ఇప్పుడు అధ్యయన యాత్రలకి అక్కడికి వెళ్తుంటారు.

ఇక ఉత్త గీత విషయం. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో సైకిళ్లకి కొలత పరికరాలు బిగించి, కార్లు ఎంత దగ్గరగా దాటిపోతున్నాయో చూశారు. ఆ అధ్యయనం 2019లో వచ్చింది. గీత లేని, పార్క్ చేసిన కార్లు లేని రోడ్డుతో పోలిస్తే, గీత గీసిన చోట కార్లు సగటున 27 సెంటీమీటర్లు దగ్గరగా వెళ్లాయి. ఆ లేన్ పక్కన ఫుట్‌పాత్ వైపు కార్లు పార్క్ చేసి ఉంటే 40 సెంటీమీటర్లు. గీత ఉంటే డ్రైవర్ "నా వరసలో నేనున్నాను" అనుకుంటాడు, పక్కవాడికి జాగా వదలాలన్న ఆలోచనే రాదు. అంటే ఉత్త పెయింట్ ఒక్కోసారి ఏమీ లేనిదానికన్నా అన్యాయం. నా చేత్తో నేనే గీయించాను కాబట్టి చెప్తున్నాను.

అడ్డం అంటే కాంక్రీటే అక్కర్లేదు. న్యూయార్క్‌లో 2007లో నైన్త్ అవెన్యూ మీద పార్క్ చేసిన కార్లనే అడ్డు పెట్టారు. ఫుట్‌పాత్, దాని పక్కన సైకిళ్లు, కొంచెం ఖాళీ, ఆ తర్వాత పార్కింగ్. ఆ ఖాళీ ఎందుకంటే తలుపు తెరుచుకోడానికి. ఆ ఖాళీని మింగేస్తే మొత్తం పథకం బూడిదలో పోసిన పన్నీరే.

అంబులెన్స్ గురించి: లేన్ సన్నగా ఉంటే మీ భయం నిజమే. వెడల్పుగా కట్టి, అక్కడక్కడా దిగే దారి వదిలితే అంబులెన్స్ ఆ లేన్‌లోంచే పోతుంది. సైకిలువాడు క్షణంలో పక్కకి జరుగుతాడు. ఇరుక్కున్న కారుకి ఆ వీలు లేదు.

స్టీరింగ్ వెనక:
అంబులెన్స్ మాట సరే, ఒప్పుకుంటా. మరి కెమెరా పెట్టి ఫైన్ వేస్తే సరిపోదా? దిమ్మెల ఖర్చెందుకు?

గీతలు గీసేవాడు:
ఇంగ్లండ్‌లో 2020 జూన్ నుంచి స్థానిక సంస్థలకి సైకిల్ లేన్ల మీద కెమెరా ఫైన్లు వేసే అధికారం ఇచ్చారు. కొంత పనికొస్తుంది. కానీ ఫైన్ కాగితం గుద్దిన తర్వాత వస్తుంది, దిమ్మె గుద్దకముందే ఉంటుంది. 30లో వచ్చే కారుకీ 50లో వచ్చే కారుకీ దెబ్బలో తేడా దాదాపు మూడు రెట్లు. తర్వాత పంపే నోటీసు ఏ వేగంలో పంపితే ఏం?

వ్యాన్ అన్న:
అందరూ బాగానే మాట్లాడుతున్నారు. మరి నా బండి ఎక్కడ ఆపమంటారు? ఒక్కో వీధిలో పది ఇళ్లకి పార్సిళ్లు ఇవ్వాలి. లేట్ అయితే యాప్‌లో ఎర్ర గుర్తు పడుతుంది, ఆ టెన్షన్ మీకు తెలీదు. సరదాకి ఆపుతామా లేన్‌లో? ఆపడానికి ఇంకో చోటు ఎక్కడా వదల్లేదు కాబట్టి ఆపుతాం. రేపు దిమ్మెలు కడితే బండి నడిరోడ్డు మీద ఆపుతాను. అప్పుడు స్టీరింగ్ వెనక గారు నన్నే తిడతారు.

రోజూ సైకిల్:
అన్నా, నిన్ను తిట్టే ఉద్దేశం లేదు. కాఫీ కప్పు పట్టుకుని లేన్‌లో కూర్చునేవాడు వేరు, నువ్వు వేరు.

తెల్ల కర్ర:
ఇంకో మాట కూడా వినండి. నాకు చూపు లేదు. లేన్‌ని బస్‌స్టాప్ వెనక నుంచి తిప్పి, స్టాప్‌ని మధ్యలో దీవిలా వదిలే పద్ధతి ఒకటి వచ్చింది. బస్సు ఎక్కాలంటే నేను సైకిల్ దారి దాటాలి. కారు వస్తే చప్పుడైనా వినబడుతుంది. సైకిల్‌కి చప్పుడు ఉండదు, మా కోసం ఆగేవాళ్లూ తక్కువే. బ్రిటన్‌లో చూపులేనివారి సంఘాలు దీని మీద గట్టిగానే పోరాడుతున్నాయి. మిమ్మల్ని కార్ల నుంచి కాపాడటానికి మమ్మల్ని మీ దారికి అడ్డంగా నిలబెడితే ఎలా?

రోజూ సైకిల్:
దీనికి నా దగ్గర మంచి జవాబు లేదండీ. దాటే చోట లేన్‌ని ఫుట్‌పాత్ ఎత్తుకి లేపి, సైకిళ్లు నెమ్మదించేలా చెయ్యొచ్చు. ఆగాల్సింది మాత్రం మేమే.

గీతలు గీసేవాడు:
తెల్ల కర్ర గారి అభ్యంతరం నేను చూసిన చాలా డ్రాయింగుల్లో చివరి పేజీలో కూడా ఉండదు. మొదటి పేజీలో ఉండాలి.

అసలు దిమ్మెలు కట్టాలా వద్దా అని కొట్టుకుంటూ జంక్షన్‌ని మర్చిపోయారు. మధ్యలో ఎంత గట్టి గోడ కట్టినా, మలుపు దగ్గర లారీ తిరిగేటప్పుడు సైకిల్ దాని పక్కనే, డ్రైవర్‌కి కనబడని మూలలో ఉంటుంది. నెదర్లాండ్స్‌లో మూల దగ్గర చిన్న దీవి కట్టి, సైకిల్ దాటే చోటుని దాదాపు ఒక కారు పొడవు లోపలికి జరుపుతారు. దాంతో బండి సగం తిరిగాక సైకిల్ ఎదురుగా, ముందు అద్దంలోంచి కనబడుతుంది. పక్క అద్దంలో వెతుక్కోనక్కర్లేదు. డబ్బు కొద్దిగానే ఉంటే నేను ముందు జంక్షన్లకి ఖర్చుపెడతాను, మధ్య భాగం తర్వాత.

వ్యాన్ అన్నా, దిమ్మె వేసేముందే ప్రతి వీధికీ లోడింగ్ చోటు గుర్తించాలి. అది డ్రాయింగులో లేకపోతే నేను సంతకం పెట్టను.

వ్యాన్ అన్న:
సంతకం సరే సార్. ఆ లోడింగ్ చోటులో కూడా కార్లే పెడతారు, రాసిపెట్టుకోండి. అక్కడ ఏ దిమ్మె కడతారు? నా బండి కూడా లోపలికి పోవాలి కదా.

గీతలు గీసేవాడు:
అక్కడ దిమ్మె పనికిరాదు. స్టీరింగ్ వెనక గారి కెమెరా అక్కడ పెడదాం.

స్టీరింగ్ వెనక:
చివరికి ఫైన్ నాకే అన్నమాట.