హైబ్రిడ్ రబ్బరుకు బూస్టర్ పూస్తే లాభమా, నష్టమా?

కాకినాడ_షేక్‌హ్యాండ్
పన్నెండేళ్లుగా టేబుల్ టెన్నిస్ రాకెట్ ఫోర్‌హ్యాండ్ వైపు హరికేన్ 3 నియో అనే చైనా రబ్బరు వాడాను. ఐదారు వారాలకోసారి స్పాంజ్‌కు బూస్టర్ (ఊపు పెంచే నూనె) ఒక కోటు పూయడం అలవాటు. సంక్రాంతి తర్వాత మనసు మార్చుకుని ఫోర్‌హ్యాండ్‌కు టిబార్ హైబ్రిడ్ కె3, బ్యాక్‌హ్యాండ్‌కు బటర్‌ఫ్లై డిగ్నిక్స్ 09సి వేశాను. రెండు నెలలు హాయిగా ఆడాను. ఇప్పుడు కె3 బండబారినట్టుంది. టేబుల్‌కు రెండడుగులు వెనక నుంచి లూప్ (బాగా స్పిన్ ఇచ్చి కింది నుంచి పైకి లేపే షాట్) చేస్తే బంతి నెట్ దాటి ఊపిరి పోయినట్టు పడుతోంది. హరికేన్‌కు పూసినట్టే దీనికీ పూయవచ్చా? రెండూ పూసి చూసినవాళ్లు చెప్పండి.

వైజాగ్_బ్లాకర్
పూయకండి. షీటు పాడవుతుంది.

లూప్_గుంటూరు
పూయండి. ఎందుకో చెబుతాను.

హరికేన్ స్పాంజ్ తనంతట తాను బంతిని విసరదు. భుజం, నడుము తిప్పి మనమే పంపాలి. అందుకే దానికి నూనె అవసరం. హైబ్రిడ్‌లో పైన చైనా తరహా జిగట టాప్‌షీట్, కింద జర్మనీ లేదా జపాన్ తరహా స్ప్రింగ్ స్పాంజ్. కాబట్టి బూస్టర్ అక్కర్లేదని అందరూ అంటారు. కానీ కె3 స్పాంజ్ గట్టిదనం 53 డిగ్రీలు. రోజూ ఆరు గంటలు ఆడేవాడి దెబ్బకు అది నొక్కుకుంటుంది. ఉద్యోగం చేసి సాయంత్రం గంటన్నర ఆడే మన దెబ్బకు సగమే నొక్కుకుంటుంది. పలుచగా ఒక్క కోటు వేస్తే స్పాంజ్ ఉబ్బి, కాస్త మెత్తబడి, టాప్‌షీట్‌ను లోపలి నుంచి సాగదీస్తుంది. బంతి కొంచెం ఎక్కువసేపు లోపల కూర్చుని లేస్తుంది. నేను మూడు షీట్లకు ఇలాగే చేశాను, ఒక్కటీ పాడవలేదు.

09సి మాత్రం ముట్టుకోకండి. అది 44, ఇంకా మెత్తన చేస్తే పట్టు పోతుంది.

స్పాంజ్_పిచ్చి
గుంటూరు అన్నా, ఒక్క సవరణ. బటర్‌ఫ్లై 44ను, జర్మన్ ఫ్యాక్టరీ 53ను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఎవరి కొలత వాళ్లది. హరికేన్ మీద 39, 40, 41 అని ఉంటుంది, అంటే అది 09సి కంటే మెత్తనా? చేత్తో నొక్కితే తెలుస్తుంది, రాయిలా ఉంటుంది. 09సి 44 కూడా చేతికి గట్టిగానే తగులుతుంది.

లూప్_గుంటూరు
అంకెల గురించి కాదు నేను చెప్పేది. చేతికి తెలిసేది చెబుతున్నాను. నా చేతికి 09సి మెత్తన.

స్పాంజ్_పిచ్చి
44 అని మీరే రాశారు కదా అన్నా. కొత్తగా చదివేవాళ్లు దాన్నే పట్టుకుని 53 కొని ఇబ్బంది పడతారు.

లూప్_గుంటూరు
ఇరవై ఏళ్లుగా రబ్బర్లు అతికిస్తున్నాను. కొలతలు నాకు కొత్తేమీ కాదు.

నాన్న_కూకట్‌పల్లి
మెత్తనా గట్టిదా అని మాట్లాడుకుంటున్నారు సరే. అసలు పూయడమే నిబంధనలకు విరుద్ధమని ఒక్కరూ అనరేం? అంతర్జాతీయ సమాఖ్య నిబంధనల్లో రాకెట్ గురించి చెప్పే 2.4లో స్పష్టంగా ఉంది: రబ్బరుకు భౌతికంగా గానీ రసాయనికంగా గానీ ఇంకేవిధంగా గానీ మార్పు చేయకుండా వాడాలి. స్పీడ్ గ్లూను (ఊపు పెంచే జిగురును) 2008 సెప్టెంబరు 1 నుంచి ఆపేశారు. బూస్టర్ దాని స్థానంలో దొడ్డిదారిన వచ్చింది.

లూప్_గుంటూరు
స్పీడ్ గ్లూ వేరు, బూస్టర్ వేరు. ఆ జిగురులో టోలుయిన్ లాంటి ద్రావకాలు ఉండేవి, గదంతా వాసన, తలనొప్పి. ఆరోగ్యం కోసం తీసేశారు. బూస్టర్ వాసన లేని నూనె. ఆవిరిని కొలిచే యంత్రంలో కూడా పట్టుబడదు.

నాన్న_కూకట్‌పల్లి
పట్టుబడకపోతే తప్పు కాదంటారా?

మీర్‌పేట్_చాపర్
ఎవరైనా లాంగ్ పింపుల్స్ (పొడవాటి బొడిపెల రబ్బరు) గురించి మాట్లాడండి 🙏

స్పాంజ్_పిచ్చి
నిబంధన సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. కాకినాడ తమ్ముడు అడిగినదానికి నేను చూసింది రాస్తాను. నాకు ఆట కంటే అతికించడమే ఎక్కువ ఇష్టం, వంటింటి త్రాసు మీద ప్రతి షీటూ తూస్తాను.

కె3: కోసిన షీటు, ఒక్క కోటు. రాత్రి పూస్తే తెల్లారేసరికి వేడి నూనెలో వేసిన అప్పడంలా స్పాంజ్ బయటికి, టాప్‌షీట్ లోపలికి వంకర తిరిగింది. రెండు రోజులకు మళ్లీ తిన్నగా అయింది. బరువు దాదాపు రెండు గ్రాములు పెరిగింది. మొదటి రెండు వారాలు గుంటూరు అన్న చెప్పింది నిజం. లూప్ ఎత్తుగా లేచి లోతుగా పడింది, కొడితే టక్కున శబ్దం. కానీ షార్ట్ పుష్ (బంతిని నెట్ దగ్గరే చిన్నగా తోసే షాట్) చెడిపోయింది. అవతలివాడు సర్వీసు చిన్నగా వేస్తే నా పుష్ ప్రతిసారీ పొడుగొచ్చి వాడి లూప్‌కు దొరికింది. నాలుగో వారానికి నూనె దిగిపోయి, పూయకముందు ఉన్నదానికంటే డల్ అయింది. మళ్లీ పూస్తే తప్ప లేవదు. ఒకసారి అలవాటు చేస్తే వదలదు.

09సి: రెండు కోట్లు వేసి పెద్ద తప్పు చేశాను. అంత ఉబ్బుతుందని ఊహించలేదు. ఆ ఉబ్బులోనే కోసి అతికించాను. ఐదు వారాలకు ముడుచుకుని అంచుల దగ్గర మూడు మిల్లీమీటర్ల చెక్క బయటపడింది. పట్టుకునే చోట టాప్‌షీట్ కింద బుడగ. ఆ షీటు డబ్బుతో హరికేన్‌లు మూడు వచ్చేవి.

హరికేన్‌కు మాత్రం ఇప్పటికీ పూస్తాను. ఖాళీ కుండలో నీళ్లు పోయడం లాంటిది అది. హైబ్రిడ్ కుండ ఫ్యాక్టరీలోనే నిండింది, ఇంకా పోస్తే పొర్లుతుంది.

వైజాగ్_బ్లాకర్
ఇక్కడ ఇంకో సమస్య. వానాకాలం సముద్రపు గాలికి జిగట టాప్‌షీట్ మీద తేమ పడితే బంతి జారుతుంది. పూసినా పూయకపోయినా అంతే. షీటు డల్ అయిందని చాలామంది అనుకునేది ఈ తేమ, దుమ్మే. ముందు నీళ్లతో తుడిచి, ఆరబెట్టి, పైన ఫిల్మ్ (రబ్బరును కప్పే ప్లాస్టిక్ పొర) వేసి ఉంచి వారం చూడండి.

కాకినాడ_షేక్‌హ్యాండ్
తుడుస్తాను కానీ ఫిల్మ్ వేయడం మానేశాను. అది కారణం కావచ్చా?

లూప్_గుంటూరు
ఫిల్మ్ వేస్తే జిగట నిలుస్తుంది, స్పాంజ్‌లో ఊపు రాదు. రెండు సమస్యలూ కలపకండి. టాప్‌షీట్ జారుతోందా, స్పాంజ్ లేవడం లేదా, ముందు అది చూసుకోండి. మీరు చెప్పిన లక్షణం స్పాంజ్‌దే.

నాన్న_కూకట్‌పల్లి
నా ప్రశ్నకు జవాబు రాలేదు. పట్టుబడకపోతే తప్పు కాదా?

లూప్_గుంటూరు
సార్, ఫ్యాక్టరీవాడు పూస్తే ఒప్పు, నేను పూస్తే తప్పా? నియో అని రాసి ఉన్న ప్రతి హరికేన్ స్పాంజ్ ఫ్యాక్టరీలో ట్యూన్ చేసిందే. హైబ్రిడ్‌లన్నీ అంతే. డబ్బున్నవాడు నూనె ఎక్కించిన షీటు కొనుక్కుంటాడు, లేనివాడు సీసా కొనుక్కుంటాడు. నియమం ఎవరివైపు ఉందో చూడండి.

నాన్న_కూకట్‌పల్లి
ఫ్యాక్టరీ నుంచి వచ్చేదాన్ని సమాఖ్య పరీక్షించి ఆమోదిస్తుంది. మీ సీసాను ఎవరు పరీక్షించారు? జిగురుతో కలిపి మొత్తం మందం 4.0 మిల్లీమీటర్లు దాటకూడదు. మ్యాక్స్ (అన్నిటికంటే మందమైన) స్పాంజ్ అసలే ఆ గీత దగ్గర ఉంటుంది. మీరు పూస్తే దాటుతుంది.

లూప్_గుంటూరు
దాటదు. ఒక్క కోటుకు దాటదు. ఎన్నిసార్లు కొలిచానో.

నాన్న_కూకట్‌పల్లి
దాటుతుంది. నేను చూశాను.

లూప్_గుంటూరు
మీరు ఎన్ని రబ్బర్లు అతికించారు? ఆడతారా అసలు? పిల్లల్ని కోచింగ్‌లో దించి గ్యాలరీలో కూర్చుని నిబంధనలు చదివే నాన్నలను రోజూ చూస్తున్నాను. రెండు చుక్కల నూనెకు ఇంత గోలా?

స్పాంజ్_పిచ్చి
అన్నా, అలా వద్దు.

నాన్న_కూకట్‌పల్లి
లేదు, నేను ఆడను. అతికించింది ఒక్క రబ్బరు కూడా లేదు. మా అమ్మాయి ఆడుతుంది.

మూడేళ్ల క్రితం తనకు పదకొండేళ్లు. ఒక టోర్నమెంట్ క్వార్టర్స్‌కు ముందు అంపైర్ రాకెట్ తీసుకుని మందం కొలిచే గేజ్ పెట్టి చూశారు. ఫోర్‌హ్యాండ్ వైపు 4 మిల్లీమీటర్లు దాటింది. రాకెట్ పక్కన పెట్టమన్నారు. రెండోది మా దగ్గర లేదు. పక్క అకాడమీ పిల్ల దగ్గర అడిగి తెచ్చాం, మెత్తటి రబ్బరు, తేలిక బ్లేడ్. మొదటి గేమ్‌లో బంతులన్నీ నెట్‌కే. 0-3తో ఓడిపోయింది. అది కాదు నన్ను బాధపెట్టింది. ఇంటికి వస్తూ బస్సులో ‘నాన్నా, నేను చీటింగ్ చేశానా?’ అని అడిగింది. రబ్బరుకు ఏదో పూశారని తనకు తెలియదు, నాకూ తెలియదు. కోచ్‌ను అడిగితే ‘అందరూ చేస్తారు సార్, ఈసారి కొంచెం ఎక్కువైంది’ అన్నారు. ఆ వాక్యమే ఈ చర్చలో మళ్లీ మళ్లీ వినిపిస్తోంది.

పెద్దవాళ్లు తమ రాకెట్‌కు తాము పూసుకుంటే నేను వాదించను. తప్పు అంటాను, అంతటితో ఆగుతాను. చెప్పకుండా పిల్లల రాకెట్‌కు పూయడం మాత్రం నేను ఒప్పుకోను.

మీర్‌పేట్_చాపర్
ఇది చదివి మనసు కలుక్కుమంది సార్.

లూప్_గుంటూరు
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. ఆడతారా అని అడిగినందుకు క్షమించండి.

నేనూ కోచ్‌నే. ఇరవై రెండు మంది పిల్లలు. వాళ్ల నాన్నల్లో ఆటో నడిపేవాళ్లు, మిర్చి యార్డులో పనిచేసేవాళ్లు ఉన్నారు. వాళ్లను ఆ ధర పెట్టి 09సి కొనమని నేను అడగలేను. నియో షీటు కొనిపిస్తాను, అది నీరసించినప్పుడల్లా నా చేతి డబ్బుతో పూస్తాను. ఒక్కో షీటు ఏడాది నడుస్తుంది. జిల్లా పోటీల్లో అవతలివైపు పిల్లవాడి చేతిలో రెండు నెలలకోసారి మారే కొత్త హైబ్రిడ్ ఉంటుంది. వాడి దెబ్బకు నా పిల్లవాడి బ్లాక్ నిలబడటానికి నాకు దొరికిన దారి ఆ సీసా. అందుకే నూనెను ఎవరైనా ఏమన్నా నాకు కోపం వస్తుంది.

చెప్పే పూస్తానా అంటే, లేదు. చెప్పలేదు. వాళ్లకు అర్థం కాదనుకున్నాను.

నాన్న_కూకట్‌పల్లి
మీ కష్టం అర్థమైంది. కానీ ఆ ఆటో నడిపే నాన్నకు గేజ్ సంగతి తెలియాలి కదా. కొన్నిచోట్ల కొలవరు, కొన్నిచోట్ల కొలుస్తారు. కొలిచిన రోజున మైదానంలో నిలబడేది ఆ పిల్లవాడే, మీరు కాదు.

లూప్_గుంటూరు
అవును.

స్పాంజ్_పిచ్చి
ఇద్దరికీ పనికొచ్చే మాట ఒకటి. పదకొండేళ్ల చేతికి మ్యాక్స్ మందం, గట్టి స్పాంజ్ ఎందుకు? షీటును లేపడానికి బూస్టర్ వెతుకుతున్నామంటే అసలు ఎంపికే తప్పు. మెత్తటి స్పాంజ్, 1.9 లేదా 2.0 మిల్లీమీటర్ల మందం ఇస్తే పూయకుండానే పిల్లల దెబ్బకు నొక్కుకుంటుంది, గేజ్ భయమూ ఉండదు. హైబ్రిడ్‌లలో కూడా తక్కువ గట్టివి ఉన్నాయి. 53 మన కాకినాడ తమ్ముడి లాంటి పెద్దవాళ్లకే ఎక్కువ.

లూప్_గుంటూరు
1.9తో చాప్ (కింది స్పిన్‌తో కోసి పంపిన బంతి) మీద లూప్ లేస్తుందా?

స్పాంజ్_పిచ్చి
మోకాళ్లు వంచితే లేస్తుంది అన్నా. ఆదివారం వీడియో తీసి పెడతాను, మా అక్క కూతురు 1.9తోనే ఆడుతుంది.

కాకినాడ_షేక్‌హ్యాండ్
మొదలుపెట్టింది నేనే కాబట్టి ఏమైందో చెబుతాను. వైజాగ్ అన్న చెప్పినట్టు వారం రోజులు తుడిచి ఫిల్మ్ వేశాను. జిగట వచ్చింది, ఊపు రాలేదు. గుంటూరు అన్న చెప్పింది నిజమే, అది స్పాంజే. పూయలేదు. కె3 తీసి పక్కన పెట్టి, పాత హరికేన్‌ను ఈసారి నూనె లేకుండా అతికించి మూడు రోజులు ఆడాను. పన్నెండేళ్లలో అలా ఆడటం ఇదే మొదటిసారి. లూప్ కోసం మునుపటికంటే చాలా కిందికి దిగాల్సి వస్తోంది. తొడలు నొప్పి.

లూప్_గుంటూరు
నాన్న గారూ, సోమవారం పిల్లల తల్లిదండ్రులను పిలిచాను. ఏ రాకెట్‌కు ఎప్పుడు పూశానో చెబుతాను. మీ దగ్గర ఆ గేజ్ ఎక్కడ దొరుకుతుందో ఉంటే రాయండి, ఒకటి కొంటాను.